జెడ్డా నుంచి మదీనా: దూరం ఎంత? విమానంలో ఎంతసేపు? పెద్దవాళ్లతో ఏ దారి మేలు?

హైదరాబాద్ నుంచి జెడ్డాకు ఉమ్రా టికెట్ దొరికింది. ముందు మదీనా వెళ్లి జియారత్ చేసుకుని, తర్వాత మక్కా వెళ్దామని ఇంట్లో పెద్దల కోరిక. సరే, జెడ్డా నుంచి మదీనా ఎంత దూరం అని ఫోన్‌లో చూస్తే ఒకచోట 325 కిలోమీటర్లు, ఒకచోట 420, ఇంకోచోట 450 అని వస్తుంది. విమానంలో ముప్పావు గంట అని ఒకరు చెప్తారు, గంటంబావు అని టికెట్ మీద ఉంటుంది, పోయినసారి వెళ్లొచ్చిన పక్కింటాయన మాత్రం "ఐదు గంటలు పట్టింది భాయ్" అంటాడు.

వీటిలో ఏదీ అబద్ధం కాదు. ఒక్కో లెక్క ఒక్కోదాన్ని కొలుస్తుంది, అంతే. కానీ ఏ లెక్క దేనిదో తెలుసుకోకుండా టికెట్ కొంటే, మోకాళ్ల నొప్పులున్న 70 ఏళ్ల అమ్మీని రాత్రంతా ప్రయాణం చేయించి, మళ్లీ ఇంకో విమానం కోసం గంటల తరబడి కుర్చీలో కూర్చోబెట్టాల్సి వస్తుంది. మదీనా చేరేసరికి ఆమెకు హరమ్‌కు నడిచే ఓపిక ఉండదు. అందుకే దూరం లెక్కల నుంచే మొదలుపెడదాం.

మూడు దూరాలు

మొదటిది గాలిదూరం. జెడ్డా కింగ్ అబ్దుల్ అజీజ్ విమానాశ్రయం నుంచి మదీనా ప్రిన్స్ మొహమ్మద్ బిన్ అబ్దుల్ అజీజ్ విమానాశ్రయానికి నేరుగా గీత గీస్తే సుమారు 325 కిలోమీటర్లు. మదీనా జెడ్డాకు దాదాపు సూటిగా ఉత్తరాన ఉంటుంది, కొంచెం తూర్పుకు జరిగి. విమానాల వెబ్‌సైట్లలో కనిపించే అంకె ఇదే.

రెండోది రోడ్డు దూరం. జెడ్డా ఊళ్లో నుంచి బయలుదేరితే మదీనా మస్జిదె నబవీకి 420 కిలోమీటర్ల దాకా ఉంటుంది. విమానాశ్రయం ఊరికి ఉత్తరం వైపు ఉంది కాబట్టి అక్కడి నుంచి అయితే కాస్త తగ్గి 400 దగ్గర పడుతుంది. గాలిదూరం కంటే ఇంత ఎక్కువ ఎందుకంటే మధ్యలో హిజాజ్ కొండలు ఉన్నాయి. జెడ్డా ఎర్ర సముద్రం ఒడ్డున, నీటిమట్టానికి దగ్గరగా ఉన్న ఊరు. మదీనా సముద్ర మట్టానికి 600 మీటర్లకు పైగా ఎత్తులో ఉంది. రోడ్డు ఆ కొండల మధ్య వీలున్నచోట దారి చూసుకుంటూ పోతుంది.

మూడోది 450. ఇది జెడ్డా–మదీనా దూరమే కాదు. మక్కా నుంచి జెడ్డా మీదుగా మదీనా వెళ్లే హరమైన్ హైస్పీడ్ రైలు మార్గం మొత్తం పొడవు అది. మక్కా నుంచి మదీనాకు రోడ్డు కూడా సుమారు 440, 450 కిలోమీటర్లే కావడంతో ఈ అంకె బాగా ప్రచారంలోకి వచ్చేసింది. మక్కాలో విమానాశ్రయం లేదు. మక్కా వెళ్లేవాళ్లు దిగేది జెడ్డాలోనే. అందుకే మనవాళ్ల మాటల్లో జెడ్డా–మదీనా, మక్కా–మదీనా రెండూ కలిసిపోతుంటాయి. ట్రావెల్ ఏజెంట్ "450 కిలోమీటర్లు సార్" అన్నప్పుడు ఎక్కడి నుంచి అని అడగండి.

విమానం గాల్లో ఉండేది ముప్పావు గంటే

పెద్ద జెట్ విమానం పైకి వెళ్లి నిలకడగా ఎగిరేటప్పుడు గంటకు 800 కిలోమీటర్లకు పైగా వేగంతో పోతుంది. ఆ లెక్కన 325 కిలోమీటర్లకు 25 నిమిషాలు కూడా పట్టకూడదు. కానీ ఇంత చిన్న దూరంలో విమానం ఆ వేగంతో పోయేది కొద్దిసేపే. ఎక్కడానికి పదిహేను నిమిషాలు, దిగడానికి అంతకంటే కొంచెం ఎక్కువ. మధ్యలో నీళ్ల సీసా ఇచ్చి, ఖాళీ గ్లాసులు తీసుకునేలోపు కిందికి దిగడం మొదలవుతుంది. అలా చక్రాలు నేలను వదిలినప్పటి నుంచి మళ్లీ నేలను తాకేదాకా 40 నుంచి 50 నిమిషాలు.

టికెట్ మీద మాత్రం గంటా ఐదు, గంటా పది, ఒక్కోసారి గంటంబావు అని ఉంటుంది. విమానం తలుపు మూసి గేటు దగ్గర కదిలినప్పటి నుంచి అవతల గేటు దగ్గర ఆగేదాకా లెక్క అది. జెడ్డా చాలా పెద్ద విమానాశ్రయం, గేటు నుంచి రన్‌వే దాకా పోవడానికే పది పదిహేను నిమిషాలు అవుతుంది. రంజాన్‌లో, హజ్ రోజుల్లో విమానాలు వరుసలో నిలబడితే ఇంకా ఎక్కువ. ఈ మార్గంలో సౌదియా, ఫ్లైనాస్, ఫ్లైఅడీల్ లాంటి సంస్థల విమానాలు తిరుగుతుంటాయి.

ఇక్కడ ఇంకో చిన్న చిక్కు. టికెట్ మీద ఉండే సమయాలన్నీ ఏ ఊరివి ఆ ఊరివే. సౌదీ మన కంటే రెండున్నర గంటలు వెనక. హైదరాబాద్‌లో తెల్లవారుజామున 4 గంటలకు ఎక్కి ఆరు గంటలు ప్రయాణిస్తే మన గడియారంలో పది, జెడ్డాలో ఉదయం 7.30. "4 నుంచి 7.30 అంటే మూడున్నర గంటలేగా" అనుకుని పెద్దవాళ్ల మందుల లెక్క తప్పినవాళ్లు ఉన్నారు. షుగర్ మాత్రలు, ఇన్సులిన్ వాడేవాళ్లు ప్రయాణం రోజు ఏ టైముకు వేసుకోవాలో డాక్టర్‌ని ముందే అడిగి పెట్టుకోవాలి. జెడ్డాలో ఇంకో విమానం ఎక్కేవాళ్లకైతే ఇది మరీ అవసరం, ఎందుకంటే తిండి వేళలు పూర్తిగా తారుమారవుతాయి.

మరి ఐదు గంటలు ఎక్కడ పోతున్నాయి?

పక్కింటాయన చెప్పిన ఐదు గంటలను విడదీసి చూద్దాం. జెడ్డాలో దిగిన నిమిషం నుంచి లెక్క. ఇమ్మిగ్రేషన్ వరుస, వేలిముద్రలు, ఆ తర్వాత సామాను బెల్టు దగ్గర నిలబడటం, ఇదంతా రద్దీని బట్టి గంట నుంచి రెండు గంటలు. తర్వాత మదీనా విమానం కౌంటర్‌కు వెళ్లి మళ్లీ సామాను వేయాలి. దేశంలోపలి విమానమే అయినా కౌంటర్ సుమారు గంట ముందే మూసేస్తారు, కాబట్టి గంటన్నర, రెండు గంటల ముందు అక్కడ ఉండాలి. గాల్లోనూ నేలమీదా కలిపి గంటా పది. మదీనాలో దిగాక సామాను కోసం అరగంట. విమానాశ్రయం మస్జిదె నబవీకి ఈశాన్యం వైపు, సుమారు 15 కిలోమీటర్లు. టాక్సీలో హోటల్‌కు ఇంకో అరగంట వేసుకోండి. అన్నీ బాగా కుదిరితే నాలుగున్నర గంటలు, కుదరకపోతే ఆరు. ఇందులో ఎగిరింది ముప్పావు గంట.

ఇంకా ముఖ్యమైన సంగతి, ఈ లెక్కంతా రెండు విమానాల మధ్య మీకు సరిపడా వ్యవధి ఉంటేనే. చాలామంది డబ్బు మిగులుతుందని హైదరాబాద్–జెడ్డా టికెట్ ఒక సంస్థలో, జెడ్డా–మదీనా టికెట్ ఇంకో సంస్థలో విడివిడిగా కొంటారు. మొదటి విమానం రెండు గంటలు ఆలస్యమై రెండోది వెళ్లిపోతే, ఆ రెండో సంస్థకు మీతో సంబంధం లేదు. "మా విమానం టైముకే వెళ్లింది, మీరు రాలేదు" అంటారు. ఐదుగురి డబ్బు పోతుంది, అక్కడికక్కడ కొత్త టికెట్లు కొనాలి. ఒకే బుకింగ్ నంబర్ మీద మదీనా దాకా టికెట్ ఉంటే మాత్రం తర్వాతి విమానంలో పంపే బాధ్యత వాళ్లదే. విడివిడిగా కొనక తప్పకపోతే మధ్యలో ఐదారు గంటలు ఉంచుకోవాలి. అప్పుడిక విమానంలో వెళ్లి మిగిల్చుకున్న టైమ్ ఏమిటో ఎవరికి వారు ఆలోచించుకోవచ్చు.

హైదరాబాద్ కౌంటర్‌లో సామాను వేసేటప్పుడు బ్యాగుకు కట్టే చీటీ చూడండి. దానిమీద మూడు ఇంగ్లిష్ అక్షరాలు పెద్దగా ఉంటాయి. జె, ఇ, డి అంటే జెడ్డా. ఎం, ఇ, డి అంటే మదీనా. జెడ్డా అని ఉంటే సామాను మీరు జెడ్డాలో తీసుకుని మళ్లీ వేయాలి. మదీనా అని ఉన్నా సరే, జెడ్డాలో బెల్టు దగ్గర చూసుకోవాలా అక్కర్లేదా అని కౌంటర్‌లోనే అడిగి తెలుసుకోవడం మంచిది. ఇమ్మిగ్రేషన్ మాత్రం సౌదీలో మొదట దిగిన ఊళ్లోనే, అంటే జెడ్డాలోనే.

టెర్మినల్ సంగతి కూడా ఉంది. జెడ్డాలో కొత్తగా కట్టిన పెద్ద టెర్మినల్ 1, పాత నార్త్ టెర్మినల్, హజ్ టెర్మినల్ వేరువేరు చోట్ల ఉన్నాయి. ఒకదాని నుంచి ఇంకోదానికి నడిచి వెళ్లలేం, బస్సో టాక్సీయో కావాలి. మీ రెండు టికెట్ల మీద టెర్మినల్ పేరు ఏమిటో ఇంటి దగ్గరే చూసుకోండి. వీల్‌చైర్ కావాలంటే రెండు విమానాలకూ విడిగా, కనీసం 48 గంటల ముందు చెప్పాలి. ఒకదానికి చెప్తే రెండోదానికి దానంతటదే రాదు.

రైలు

హరమైన్ రైలును 2018 సెప్టెంబరులో ప్రారంభించారు, అక్టోబరు నుంచి జనం ఎక్కుతున్నారు. మక్కా, జెడ్డా సులైమానియా, జెడ్డా విమానాశ్రయం, రాబిగ్ దగ్గరి కింగ్ అబ్దుల్లా ఎకనామిక్ సిటీ, మదీనా. మొత్తం ఐదే స్టేషన్లు. గరిష్ఠ వేగం గంటకు 300 కిలోమీటర్లు. బోగీలో తెర మీద వేగం చూపిస్తుంటే పిల్లలు దానికేసే చూస్తూ కూర్చుంటారు.

విమానాశ్రయం స్టేషన్ టెర్మినల్ 1కు ఆనుకునే ఉంది. అక్కడి నుంచి మదీనాకు రైలు గంటా ముప్పావు నుంచి రెండు గంటలు. విమానంతో పోలిస్తే గంట ఎక్కువ. కానీ రెండు గంటల ముందు చెకిన్ అక్కర్లేదు, సామాను మీతోనే ఉంటుంది, దిగగానే తీసుకుని బయటికి రావచ్చు. మదీనా స్టేషన్ మస్జిదె నబవీకి తూర్పున, పది కిలోమీటర్ల లోపే. ఇమ్మిగ్రేషన్‌తో కలిపి లెక్కేస్తే జెడ్డాలో దిగినప్పటి నుంచి హోటల్ దాకా నాలుగు, నాలుగున్నర గంటలు. అంటే 45 నిమిషాల విమానం కంటే రెండు గంటల రైలే సాధారణంగా ముందు చేరుస్తుంది, లేదా దాంతో సమానం. పైగా ఒకసారి కూర్చుంటే మళ్లీ లేవక్కర్లేదు. పెద్దవాళ్లకు టాయిలెట్ దగ్గరలో ఉంటుంది, వుజూకు నీళ్లు ఉంటాయి.

రైల్లో ఇబ్బందులు లేవని కాదు. టికెట్ ధర డిమాండ్‌ను బట్టి పెరుగుతుంది, రంజాన్ చివరి పది రోజుల్లో, శుక్ర శని సెలవుల్లో సీట్లు నిండిపోతాయి. టికెట్ పాస్‌పోర్ట్ నంబర్ మీద ఉంటుంది కాబట్టి ఒక అంకె తప్పు కొట్టినా గేటు దగ్గర తలనొప్పే. రైలు బయలుదేరడానికి కొద్ది నిమిషాల ముందే గేట్లు మూసేస్తారు, మన సికింద్రాబాద్ స్టేషన్‌లో లాగా కదిలే బండి వెంట పరుగెత్తడం కుదరదు. విమానం ఆలస్యమైతే రైలు కూడా తప్పిపోవచ్చు. అందుకే విమానం దిగే టైముకు, రైలు టైముకు మధ్య కనీసం మూడు గంటలు ఉంచండి. నార్త్ టెర్మినల్‌లో దిగేవాళ్లు ఇంకో గంట. సామానుకు రైల్లోనూ హద్దు ఉంది, టికెట్ మీది షరతులు చదువుకోవాలి. తాడుతో కట్టిన మూటలు, నలుగురు మోయాల్సిన అట్టపెట్టెలు ఎక్కడ పెట్టాలో తెలియక అవస్థ పడాలి.

రోడ్డు

కారులో ఆగకుండా వెళ్తే నాలుగు, నాలుగున్నర గంటలు. బస్సులో నమాజుకు, టీకి, పెట్రోల్‌కు ఆగుతూ ఐదారు గంటలు. ఆరుగురు ఏడుగురు ఉన్న కుటుంబానికి పెద్ద వ్యాన్ మాట్లాడుకుంటే తలకు పడే ఖర్చు తక్కువే. విమానాశ్రయం తలుపు దగ్గర ఎక్కి హోటల్ తలుపు దగ్గర దిగొచ్చు, మధ్యలో ఎక్కడ కావాలంటే అక్కడ ఆపమనొచ్చు. నడవలేని మనిషి ఉన్న ఇంటికి ఇది చిన్న సదుపాయం కాదు. జెడ్డాలో ఉద్యోగం చేసే మన తెలుగు వాళ్లు విజిట్ వీసా మీద అమ్మీ అబ్బాలను రప్పించుకుంటే ఎక్కువగా వెళ్లేది ఇలాగే, గురువారం డ్యూటీ దిగి సొంత కారులో.

ఆ గురువారం రాత్రి ప్రయాణం గురించే ఒక మాట చెప్పుకోవాలి. 2025 నవంబరులో మక్కా నుంచి మదీనా వెళ్తున్న ఉమ్రా బస్సు, డీజిల్ ట్యాంకర్ ఢీకొని 40 మందికి పైగా భారతీయ యాత్రికులు చనిపోయారు. ఎక్కువమంది హైదరాబాద్ వాళ్లు. ఇన్నా లిల్లాహి వ ఇన్నా ఇలైహి రాజిఊన్. మదీనా ఇంకా కొద్ది దూరం ఉందనగా, రాత్రి వేళ జరిగింది. చావు ఎక్కడ రాసిపెట్టి ఉందో ఎవరికీ తెలియదు, అది వేరే మాట. ఒంటెను కట్టేసి ఆ తర్వాత తవక్కుల్ చేయమన్న మాట మనందరికీ తెలిసిందే. రోడ్డు మీద వెళ్లాలనుకుంటే ఫజర్ తర్వాత బయలుదేరి వెలుగుండగానే చేరేలా చూసుకోవడం, డ్రైవర్ ముందురోజు రాత్రి నిద్రపోయాడా అని అడగడం, బస్సులోనైనా బెల్టు పెట్టుకోవడం, ఇవి మన చేతిలో ఉన్నవి. ప్యాకేజీలో "లగ్జరీ బస్సు" అని మాత్రమే రాసుంటే ఏ వేళ బయలుదేరుతుందో రాయించుకోండి. రాత్రి ప్రయాణం పెడితే హోటల్‌కు ఒకరోజు అద్దె మిగులుతుంది, అందుకే కొందరు ఏజెంట్లు అలా పెడతారు. పగటి ప్రయాణం కావాలని గట్టిగా అడిగే హక్కు డబ్బు కట్టినవాళ్లకు ఉంది.

మక్కా నుంచి మదీనాకు విమానం?

కొందరు మక్కా నుంచి కూడా విమానంలో వెళ్దామని చూస్తారు. మక్కా నుంచి జెడ్డా విమానాశ్రయం 100 కిలోమీటర్ల దాకా ఉంటుంది, గంటంబావు ప్రయాణం. అక్కడ రెండు గంటలు కూర్చోవడం, గంటా పది విమానం, దిగాక గంట. మొత్తం ఐదున్నర. అదే మక్కా స్టేషన్‌లో రైలెక్కితే సుమారు రెండు గంటలా ఇరవై నిమిషాల్లో మదీనా స్టేషన్. మక్కాలో రైలు స్టేషన్ రుసైఫాలో ఉంది, హరమ్ నుంచి టాక్సీలో దగ్గరే. కాబట్టి మక్కా నుంచి విమానం అనేది డబ్బు దండగ, టైమ్ దండగ.

జెడ్డా–మదీనా విమానం నిజంగా పనికొచ్చేది రెండు సందర్భాల్లో. ఒకటి, హైదరాబాద్ నుంచి మదీనా దాకా ఒకే టికెట్ మీద, ఒకే సంస్థలో, ఒకే టెర్మినల్‌లో మారేలా దొరికితే. రెండోది, రైలు టికెట్లు అయిపోయి, రాత్రి రోడ్డు మీద వెళ్లడం ఇష్టం లేకపోతే.

అసలు ఈ బాధే లేని దారి

మ్యాప్‌లో లెక్క చూస్తే ఒక సంగతి తెలుస్తుంది. హైదరాబాద్ నుంచి జెడ్డాకు గాలిదూరం సుమారు 4,140 కిలోమీటర్లు. హైదరాబాద్ నుంచి మదీనాకు సుమారు 4,090. అంటే మనకు జెడ్డా కంటే మదీనాయే కాస్త దగ్గర! విమానంలో రెండింటికీ దాదాపు ఒకటే సమయం. అయినా అలవాటు కొద్దీ అందరం రానూపోనూ జెడ్డాకే టికెట్ తీస్తాం.

టికెట్ వెతికేటప్పుడు రానూపోనూ అని కాకుండా మల్టీ సిటీ అనేది నొక్కి, వెళ్లేది మదీనాకు, తిరిగొచ్చేది జెడ్డా నుంచి అని పెట్టి చూడండి. హజ్ కమిటీ కూడా ఇదే పద్ధతి పాటిస్తుంది. మొదటి విడత హాజీలు మదీనాలో దిగి జెడ్డా నుంచి వస్తారు, రెండో విడత వాళ్లు జెడ్డాలో దిగి మదీనా నుంచి వస్తారు. ఉమ్రాకూ అలా చేస్తే మదీనా నుంచి మక్కాకు ఒక్కసారి రైలెక్కితే చాలు. లెక్క ఇలా వేసుకోవచ్చు. మల్టీ సిటీ టికెట్ మనిషికి 3,000 రూపాయలు ఎక్కువ ఉందనుకుందాం, ఐదుగురికి 15,000. మిగిలేది ఏమిటంటే జెడ్డా–మదీనా ఐదుగురి ప్రయాణ ఖర్చు, రెండు వైపులా టాక్సీలు, సగం రోజు. ఆ రెండూ పక్కపక్కన రాసి కూడితే చాలాసార్లు ఎక్కువ ధర ఉన్న టికెట్టే చవక తేలుతుంది.

ఇహ్రామ్, ఖస్ర్

జెడ్డాలో దిగి నేరుగా మదీనా వెళ్లేవాళ్లు హైదరాబాద్‌లో ఇహ్రామ్ కట్టుకోనక్కర్లేదు. వాళ్ల మీఖాత్ మదీనా నుంచి మక్కా బయలుదేరేటప్పుడు వస్తుంది. అది జుల్ హులైఫా, మనవాళ్లు బీరే అలీ అనేది. మస్జిదె నబవీ నుంచి పది కిలోమీటర్లు. బస్సులు, కార్లు అక్కడ ఆగుతాయి, గుస్ల్ చేసి ఇహ్రామ్ కట్టుకోవడానికి పెద్ద ఏర్పాట్లు ఉన్నాయి. రైలు అక్కడ ఆగదు, విమానాశ్రయమేమో ఊరికి అవతలి వైపు. కాబట్టి రైల్లోనో విమానంలోనో మక్కా వైపు వచ్చేవాళ్లు మదీనా హోటల్‌లోనే గుస్ల్ చేసి ఇహ్రామ్ బట్టలు కట్టుకుని, మీఖాత్ దాటకముందే నియ్యత్ చేసుకోవాలి. "జెడ్డాలో దిగాక కట్టుకుందాంలే" అంటే మీఖాత్ దాటినట్టు అవుతుంది, దమ్ పడే మాట. మొదట మక్కాకే వెళ్లేవాళ్ల సంగతి వేరు, వాళ్లు హైదరాబాద్ నుంచి వచ్చే విమానంలోనే, మీఖాత్ ప్రకటనకు ముందే సిద్ధంగా ఉండాలి.

ఖస్ర్ విషయంలో కొంతమంది "ముప్పావు గంట ప్రయాణానికి ఖస్ర్ ఏమిటి" అనుకుంటారు. చూసేది సమయాన్ని కాదు, దూరాన్ని. మన దగ్గర హనఫీ ఉలమా చెప్పే 48 మైళ్లు, అంటే సుమారు 77 కిలోమీటర్లకు ఈ దూరం నాలుగింతల పైనే. మదీనాలో 15 రోజుల కంటే తక్కువ ఉండే ఉద్దేశం ఉంటే ముసాఫిర్ కిందే లెక్క. ఒంటరిగా చదివితే నాలుగు రకాతుల ఫర్జ్ రెండు, ఇమామ్ వెనక అయితే పూర్తిగా నాలుగు. వివరాలు మీ మస్జిద్ ఆలిమ్ సాబ్‌ని అడిగి తెలుసుకోండి.

ఒకప్పుడు ఒంటెల మీద మక్కా నుంచి మదీనాకు పది పన్నెండు రోజులు పట్టేది. 622లో హిజ్రత్ వేళ నబీ కరీమ్ సల్లల్లాహు అలైహి వసల్లమ్, హజ్రత్ అబూబకర్ రజియల్లాహు అన్హు సౌర్ గుహ నుంచి ఖుబా చేరడానికి వారం రోజుల పైనే పట్టింది, అదీ తెలిసిన దారి వదిలేసి సముద్రం వైపు నుంచి తిరిగి. 1995 దాకా బొంబాయి నుంచి ఓడలో జెడ్డా వెళ్లిన హాజీలు మన ఊళ్లలో ఇంకా అక్కడక్కడా ఉన్నారు. వాళ్లను కూర్చోబెట్టి అడిగితే జెడ్డా–మదీనా దూరం గురించి వేరే కథలు చెప్తారు.

చేరిన రోజు, తిరిగొచ్చే రోజు

రౌజాలో నమాజుకు నుసుక్ యాప్‌లో ముందే స్లాట్ తీసుకోవాలి. ఆ స్లాట్ దొరకడమే కష్టం. విమానం మధ్యాహ్నం 12కు దిగుతుందని అదే సాయంత్రం 4కు స్లాట్ పెట్టుకున్నవాళ్లు దాన్ని పోగొట్టుకునే ప్రమాదం ఎక్కువ. చేరిన రోజు పెట్టుకోవద్దు. మరుసటి రోజో, ఆ తర్వాతి రోజో పెట్టుకుంటే పెద్దవాళ్లకూ విశ్రాంతి దొరుకుతుంది. నలభై నమాజుల లెక్క పెట్టుకునేవాళ్లు కూడా చేరిన పూట నమాజును లెక్కలో వేసుకోకుండా ఒకరోజు అదనంగా ఉండేలా చూసుకోవడం నయం.

మదీనా నుంచి వచ్చి జెడ్డాలో ఇంటి విమానం ఎక్కాలంటే వెనక్కి లెక్కేసుకోండి. విమానం రాత్రి 11కు అనుకుందాం. విదేశీ విమానానికి మూడు గంటల ముందు, అంటే 8కి కౌంటర్ దగ్గర ఉండాలి. రైలు రెండు గంటలు, జెడ్డాలో దిగి టెర్మినల్ చేరడానికి ఒక గంట. అంటే 5 గంటల రైలు అంచుమీద ఉంది, 3 గంటల రైలు భద్రం. స్టేషన్‌కు 2.15కల్లా చేరాలి, హోటల్ గది 1.30కి ఖాళీ చేయాలి. జుహర్ హరమ్‌లో చదువుకుని వెంటనే బయలుదేరితే సరిపోతుంది, సామాను మాత్రం పొద్దున్నే కట్టేసి ఉంచాలి. జమ్‌జమ్ డబ్బాలు మక్కా నుంచి మోసుకు తిరగొద్దు. ఐదు లీటర్ల పెట్టెలు విమానాశ్రయంలోనే అమ్ముతారు, విమాన సంస్థలు తీసుకునేది కూడా ఆ పెట్టెలనే.